పన్నెండో పేరు

పక్కింటి సీతారత్నం బేబితో అందట. బేబి, జాకెట్టు కొలతలివ్వడానికి వెళ్లిన జాస్మిన్‌తో అంది. జాస్మిన్ వచ్చి, పెరట్లో ఉల్లిపాయలు తరుగుతున్న వదినగారి పక్కన పీట వేసుకుని, దారిలో తన తరఫున ఇంకో రెండు మాటలు కలుపుకుని మొత్తం ఒలకబోసింది. "ఇంకా టీములో పేరే రాలేదంట, షామియానా మాత్రం వేసేసేరంట. పాస్టరు గారిని పిలిచేసేరంట. దేవుడికి ముందే థాంక్సు చెప్పేసుకుంటారంట. రేపు పేరు రాకపోతే ఆ థాంక్సు వెనక్కి ఇచ్చెయ్యమంటారా ఏంటి అని సీతారత్నం గారు నవ్వేరంట వదినా. బేబి కూడా నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు." నాగమణి తలెత్తి ఆడపడుచు మొహంలోకి చూసింది. నవ్వని మనిషి మొహంలా లేదది. "సీతారత్నం గారికి ముందు వరసలో కుర్చీ వేయించు. వెనకైతే ఆవిడకి సరిగ్గా వినపడదు," అని మళ్లీ కత్తిపీట మీదికి వంగింది.

ఫోను తపేలా మూత మీద బోర్లించి ఉంది. బోర్లించింది తనే. వెల్లకిలా ఉంటే కళ్లు దాని మీదే ఉంటాయి, వేలు తెగుతుంది. విశాఖ తుఫాన్స్ వాళ్లు ఈ సీజను జట్టు పేర్లు సాయంత్రానికల్లా పెడతామన్నారు. సాయంత్రం అంటే వాళ్ల లెక్కలో ఎప్పుడో, తూర్పున ఉన్న ఊరు కదా, అక్కడ మనకంటే ముందే పొద్దుగూకాలి. నిన్న పెడతామని నిన్నా పెట్టలేదు, కొత్త కోచ్ ఇంకొకసారి చూసుకోవాలన్నాడట. ఇంకొకసారి చూసుకోవాల్సింది ఎవర్ని? పదకొండు మందిని చూడక్కర్లేదు, బాస్కెట్‌బాల్ అంటే ఏమిటో తెలియని దేవదానాన్ని అడిగినా ఆ పదకొండు పేర్లూ చెబుతాడు, ఇన్నేళ్లు ఈ ఇంట్లో భర్తగా ఉన్న పాపానికి. చూసుకోవాల్సింది పన్నెండోవాణ్ణే. సన్నీని. తన తమ్ముణ్ణి. వాడు నిన్నటి నుంచి ఫోను ఎత్తడం లేదు. పొద్దున ఒక్క ముక్క రాశాడు, చూద్దాం అక్కా అని. చూద్దాం ఏమిటి, ఎవరు చూస్తారు, ఏం చూస్తారు. రోజూ ఫోను చేసి నిన్న ప్రాక్టీసులో ఎన్ని వేశావు, కోచ్ ఏమన్నాడు, సుబ్బు కాలు ఎలా ఉంది అంటే గంటసేపు చెప్పేవాడు, చూద్దాం అనే మాట వాడి నోట ఎప్పుడు విన్నది? ఎప్పుడూ వినలేదు. ఉల్లిపాయ ఘాటుకి కళ్లు మండుతున్నాయి. మంచిదే, ఎవరూ అడగరు.

పేరు వచ్చాక పెట్టుకోవచ్చుగా ఈ కృతజ్ఞత కూడిక అని దేవదానం ప్రతి ఏడూ అంటాడు, ఈ ఏడూ అన్నాడు, అని తనే వెళ్లి షామియానా వాళ్లకి చెప్పొచ్చాడు. మొదటి ఏడాది అలాగే అనుకున్నారు. పేర్లు పొద్దున వస్తాయన్నారని సాయంత్రం కూడిక పెట్టారు, పొద్దున రాలేదు, మధ్యాహ్నం రాలేదు, జనం వచ్చి కూర్చున్నారు, ఇక చేసేది లేక పాస్టరు అయ్యగారు పాట ఎత్తుకున్నారు, మూడో పాట సగంలో ఉండగా ఫోను మోగింది, సన్నీ పేరు వచ్చేసింది. ఆ రోజు అయ్యగారు ప్రసంగం పక్కన పెట్టి, పొందకముందే పొందామని నమ్మి స్తుతించడం గురించి అంత గొప్పగా చెప్పారు, పెద్దవాళ్లు ఏడ్చారు. అదే కట్టుబాటైపోయింది. ఆ మరుసటేడు పేర్లు ముందే వచ్చేస్తాయేమోనని తను కూడికని ఒక రోజు ముందుకి జరిపించింది. కూడిక జరగాలి, తర్వాతే పేరు రావాలి. ఇది విశ్వాసమో, మొక్కో, ఎదురొచ్చిన పిల్లిని చూసి వెనక్కి తిరగడం లాంటిదో ఆమె తనని తాను అడుక్కోలేదు. బళ్లో లెక్కలు చెప్పే మనిషి, రుజువు లేకుండా ఏ జవాబుకీ మార్కు వెయ్యని మనిషి, ఈ ఒక్కదాన్నీ రుజువు అడగలేదు. రేపటి నుంచి అయ్యగారు హైదరాబాదు మీటింగులకి వెళ్తారు, మళ్లీ దొరకరు. అందుకే ఈ రోజు. ఎలాగైనా ఈ రోజే. వాకిట్లో ఇనప కుర్చీలు ఒకదాని మీద ఒకటి దించుతున్న చప్పుడు. ఎవరో మైకులో హలో హలో అని ఊదుతున్నారు.

వీరేంద్ర ఉంటాడు, అందులో మాటే లేదు. కెప్టెను. బంతి పైకి తెచ్చేది వాడే. కానీ బంతి చేతికొచ్చిందంటే పెళ్లిలో మైకు దొరికిన పెదనాన్నలా వదలడు, అటు తిరుగుతాడు, ఇటు తిరుగుతాడు, పక్కన నలుగురు చేతులు చాచి నిలబడి ఉంటారు, గడువు అయిపోవస్తుంది, అప్పుడు గాభరాగా ఎవరికో విసురుతాడు. పోయినేడు ఆ గాభరా బంతుల్ని పట్టుకుని ఒడ్డున వేసింది ఎవరు? సన్నీయే. ఆ సంగతి అంకెల్లో పడదు. అంకెలు చూసేవాళ్లకి సన్నీ కనపడడు, ఆట చూసేవాళ్లకే కనపడతాడు, ఆ తెల్లాయన, సెర్బియా నుంచి తెచ్చిన కొత్త కోచ్, ఆట చూస్తాడో అంకెలు చూస్తాడో. ఇక సుబ్రహ్మణ్యేశ్వరరావు. అంత పేరు జెర్సీ వీపున పట్టక సుబ్బు అని వేశారు. కాట్రేనికోన వైపు కుర్రాడు, వాళ్ల నాన్నకి రొయ్యల చెరువులు, బుట్ట కింద నిలబడ్డాడంటే రోడ్డుకి లారీ అడ్డం పెట్టినట్టే, ఒక్కడూ దూరలేడు. కానీ లారీ వెనక్కి తిరగడానికి ఎంత చోటు కావాలో సుబ్బుకీ అంతే కావాలి. వాడు తిరిగేలోపల ఎదుటివాళ్లు అటు చివర వేసేసి, మంచినీళ్లు తాగి, వాళ్లలో వాళ్లు అరచేతులు కొట్టుకుంటూ ఉంటారు. ఆ తిరిగే లోపల ఎవడో ఒకడు వెనక్కి పరిగెత్తి అడ్డం పడాలి. ఆ ఎవడో ఒకడు ఎవరు? మళ్లీ సన్నీయే. దూరం నుంచి గురిచూసి వేసే మలయాళీ అబ్బాయి జిబిన్ బెంగుళూరు జట్టుకి పోయాడు, ఆ చోటు ఖాళీ, ఖాళీ అంటే నోట్లో ముందు పన్ను ఊడినట్టు, నవ్వితే చాలు కనపడుతుంది. అమెరికా నుంచి టెరెన్స్ అని ఒకణ్ణి తెస్తున్నారు. వాడి వీడియోలన్నీ చూసింది, ఎగిరి వేయడమే గానీ పక్కవాడికి ఇచ్చిన ముక్క ఒక్కటి లేదు. ఇచ్చినవి వీడియోలో కోసేసి ఉంటారండీ అని ఎవరో ఫోన్లో అభిమానుల గ్రూపులో రాస్తే, కోసెయ్యడానికైనా ఉండాలి కదండీ అని తను రాసింది. అందరూ నవ్వుతున్న బొమ్మలు పెట్టారు.

ఆ గ్రూపులో అందరికీ ఆవిడ మణి గారు. మగమనిషనుకునేవాళ్లే ఎక్కువ, మణి అన్నా అని పిలుస్తారు, ఆమె దిద్దలేదు. సీజనుకి ముందు ఈ ఏడు జట్టు ఎలా ఉందో మణి గారు ఒక్కొక్కణ్ణీ విప్పి చెబుతారని ఎదురుచూస్తారు, భీమవరం నుంచి, గాజువాక నుంచి, మస్కట్ నుంచి కూడా. మొహమాటం లేకుండా చెబుతుందని పేరు. ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దినట్టు దిద్దుతుంది, తండ్రి ఎవరని చూడదు. పోయినేడు విక్రాంత్ అనే కుర్రాడి మోకాలు గురించి ఎవరూ అనని మాట తనే అంది. దిగేటప్పుడు ఎడమ కాలు దాచుకుంటున్నాడు, నాలుగు మ్యాచుల్లో గమనించాను, మోకాలు పోయినవాణ్ణి జాలిపడి మొయ్యడం మిగతా పదకొండు మందికీ ద్రోహం అని రాసింది. రాసిన నెలకి విక్రాంత్‌ని తీసేశారు. మణి గారి కంటికి ఎక్స్‌రే ఉందండీ అని మెచ్చుకున్నారు. ఆ అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడో. వాడికీ ఎక్కడో ఒక అక్క ఉండి ఉంటుంది. ఈ ఏడు వారం నుంచి అడుగుతున్నారు, మణి గారూ మీ మాట ఏదండీ అని. పదకొండు మంది గురించీ రాసింది. పన్నెండో పేరు దగ్గర చెయ్యి ఆగింది. పంపలేదు. మొన్న ఎవడో రాశాడు, ఈసారి సన్నీ వద్దండీ, మోకాలు అయిపోయింది, చూస్తే తెలుస్తోంది, ఆ చోటులో కొత్త కుర్రాడు నితిన్ సెల్వం నయం అని. నీకేం తెలుసు అని రాసింది తను. చెరిపేసింది. మళ్లీ రాసింది, సెల్వానికి కుడి చెయ్యి తప్ప ఎడమ చెయ్యి లేదు, ఎడమ వైపు నెడితే దారి తప్పిన దూడలా నిలబడిపోతాడు, అటువంటివాడా సన్నీకి సాటి అని. ఎక్స్‌రే కంటితో రాసిన మాట కాదది.

"ఏవే, జీడిపప్పు ఎక్కడ పెట్టేవు?" అని దేవదానం వంటింటి గుమ్మంలోంచి అడిగాడు. కాలేజీ లైబ్రరీలో ఏ పుస్తకం ఏ అరలో ఉందో చీకట్లో చెప్పగలడు, సొంత ఇంట్లో జీడిపప్పు దొరకదు. పై అరలో అని చెప్పింది. వెళ్లలేదు, నిలబడ్డాడు. "పేరొచ్చిందా?" అన్నాడు. లేదని తల అడ్డంగా ఊపింది. "వస్తుందిలే," అని జీడిపప్పు కోసం పోయాడు. మంచి మనిషి. పెళ్లయి గడప దాటిన నెలకే వెనకాల మూడో తరగతి చదివే తమ్ముణ్ణి తీసుకొస్తే, అత్తగారు మొహం మాడ్చుకున్నా, మంచం అటు జరిపి ఇంకో మంచానికి చోటు చేసిన మనిషి.

అమ్మ పోయిన రోజు నుంచి సన్నీ నోరు విప్పలేదు. ఏడవలేదు కూడా. వెనక మెట్టు మీద కూర్చునేవాడు, అన్నం తిన్నావా అంటే తల, బడికెళ్లావా అంటే తల, భయమేస్తోందా అంటే అదీ లేదు, కాలవలోకి చూపు. అమలాపురం డాక్టరు చూసి గొంతులో ఏమీ లేదమ్మా, వాడికి మాట్లాడాలని లేదు అన్నాడు. అయ్యగారు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. దేవదానం గోళీలు కొనిచ్చాడు, బొమ్మల పుస్తకాలు తెచ్చాడు. ఆ పిల్లాడు పక్కన పడుకుని ఉంటే ఇంట్లో పెద్ద గది తాళం వేసి ఉన్నట్టుండేది, లోపల మనిషి ఉన్నాడని తెలుసు, తలుపు ఎటు నుంచి తియ్యాలో తెలియదు. తనకప్పుడు ఎన్నేళ్లని, తనకీ అమ్మ పోయింది, ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు, తనకే గుర్తులేదు. వేసవికాలం. మిషన్ స్కూలు ఆవరణలో బాస్కెట్‌బాల్ కోర్టు ఉండేది, ఎవరో దొరలు వేయించిందని చెప్పేవారు, సిమెంటు నేల బాగుంటుందని సెలవుల్లో కొబ్బరి వర్తకులు అక్కడ చిప్పలు ఎండబెట్టేవాళ్లు. కోర్టు నిండా తెల్లటి చిప్పలు బోర్లా వెల్లకిలా పరిచి ఉండేవి, కాకులు తోలడానికి మనుషులుండేవాళ్లు, సాయంత్రం చిప్పలు ఎత్తేశాక నేలంతా నూనె జిడ్డు. ఆ జిడ్డు నేల మీదే ఊరి కుర్రాళ్లు ఆడేవాళ్లు. కొత్తగా వచ్చినవాడు ఒంటికాలి మీద ఆగబోయి వీపు చితక్కొట్టుకునేవాడు. ఒక సాయంత్రం సన్నీ మోచెయ్యి దోక్కుపోయి, చొక్కా అంతా కొబ్బరి వాసనతో ఇంటికొచ్చి, అన్నం కలుపుతున్న తన ఎదురుగా నిలబడి, "అక్కా, రెండు కాళ్ల మీదా ఒకేసారి ఆగితే జారట్లేదు," అన్నాడు. అమ్మ పోయాక మొదటి మాట. అన్నం చేతిలోనే ఉండిపోయింది. ఏడిస్తే మళ్లీ మూసుకుపోతాడేమోనని ఏడవలేదు. ఎందుకు జారట్లేదురా అని అడిగింది. చెప్పాడు. ఎక్కడ ఆగాలి, ఎప్పుడు ఎగరాలి, బంతి ఎక్కడ పెట్టాలి, చెబుతూనే ఉన్నాడు, తనకి ఒక్క ముక్క అర్థం కాలేదు, ఊఁ కొడుతూనే ఉంది.

మర్నాడే డ్రిల్లు మేష్టారి దగ్గరికి వెళ్లి ఆ ఆట ఏమిటో చెప్పించుకుంది. నీకెందుకమ్మా అన్నాడాయన. కావాలండీ అంది. అదే దారి. తలుపు అక్కడుంది. గీత దాటితే ఏమవుతుంది, బంతి పట్టుకుని ఎన్ని అడుగులెయ్యొచ్చు, ఏ తప్పుకి ఎవరికి బంతి ఇస్తారు అని తెలుసుకుని, రోజూ రాత్రి ఒక ప్రశ్న తయారు చేసుకునేది. ప్రశ్న బాగుంటే జవాబు పొడుగ్గా వచ్చేది. చెత్త ప్రశ్న అడిగితే ఒక్క మాటలో తేల్చేసేవాడు. అందుకని ప్రశ్నలు మెరుగుపడ్డాయి, ఆట తలకెక్కింది, ఎప్పుడెక్కిందో ఎక్కేసింది, ఇప్పుడు ఆ ఆటంటే తనకీ ప్రాణం, అబద్ధమెందుకు. జిల్లా జట్టు, యూనివర్సిటీ, ఆ తర్వాత తుఫాన్స్. వాడు ఎక్కడున్నా రాత్రి ఫోను, తన ప్రశ్న, వాడి జవాబు. రాజోలు ఆసుపత్రిలో నర్సుగా చేసే శారోన్‌తో సంబంధం అంతా అనుకుని, ఉంగరాలు కూడా మార్చుకున్నాక, ఆ అమ్మాయి వద్దనేసింది. ఆ రాత్రి ఫోను చేసే ముందు రెండుసార్లు నంబరు నొక్కి కట్టేసింది. మళ్లీ ఆ వెనక మెట్టు, మళ్లీ ఆ కాలవ చూపు. వాడు ఎత్తి హలో అన్నాడు, గొంతు తడిగా ఉంది, ఇంకేమీ అనలేదు. ఆ ఊసెత్తితే తాళం పడిపోతుందని భయమేసి, రేపు సెమీఫైనల్లో వాళ్ల పొడుగువాణ్ణి ఎవరు కాస్తారు రా అని అడిగింది. తర్వాత చెప్పాడు. నేనే కాస్తానక్కా, ముందు నుంచి కాదు, వెనక నుంచి అని. అమ్మయ్య అనుకుంది. మాట్లాడాడు. ఫోను పెట్టేశాక దేవదానంతో అంది కూడా, బాగానే ఉన్నాడండీ, మాట్లాడేడు అని.

పలావు గిన్నె పొయ్యి మీదికెక్కింది, నెయ్యి వాసన షామియానా దాకా పోయింది, పిల్లలు లోపలికి తొంగిచూసి పోతున్నారు. జాస్మిన్ చీర మార్చుకోమని కేకేస్తోంది. ఈ నడుం లేస్తే కదా. కళ్ల ముందు ఆ డాబా మెట్లే. మే నెల. సన్నీ సెలవుకి వచ్చాడు, డాబా మీంచి దిగుతున్నాడు, తను కిందనుంచి చూస్తోందని వాడికి తెలియదు. గోడ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టుకీ రెండు కాళ్లూ పెట్టి దిగాడు. అరవై ఏళ్ల మనిషి దిగినట్టు. విక్రాంత్ కాలు చూడ్డానికి నాలుగు మ్యాచులు పట్టింది గానీ దీనికి నాలుగు మెట్లు చాలాయి. చూసింది. చూసి తల తిప్పుకుని, గబగబా కొళాయి దగ్గరికి పోయి, నిండి ఉన్న బిందెని మళ్లీ నింపింది. అన్నం దగ్గర వాడు ఏదో చెప్పబోయాడు, అక్కా ఒక మాట అన్నాడు, అన్నాడు, తనకి బాగా గుర్తుంది, ఆ మాట చెప్పనివ్వకుండా తనే అందుకుంది. క్యాంపులో డాక్టరు అడిగితే బాగానే ఉందని చెప్పు. నల్లది పొడుగు లెగ్గింగు వేసుకో, లోపల పట్టీ కనపడదు. సుబ్బు వెనక్కి తిరగలేడు, జిబిన్ పోయాడు, ఈ ఏడు నువ్వు లేకపోతే ఆ టీము లేదు, వాళ్లకి వేరే దారి లేదు, ఒక్క సీజను పళ్ల బిగువున లాగు. ఎంత బాగా చెప్పింది. లెక్క తేల్చినట్టు చెప్పింది. వాడు పళ్లెంలోకి చూస్తూ అంతా విన్నాడు. "ఊఁ, అక్కా," అన్నాడు. చెప్పబోయిన మాట అన్నంలోనే కలిపేసుకున్నాడు.

ఒక్క సీజను. దేవా, ఒక్కటి. నేను కోరేది కప్పు కాదు, ఆడకపోయినా ఫరవాలేదు, బెంచి మీద కూర్చున్నా చాలు, బెంచి మీద నుంచి ఏం కనపడింది రా అని అడగొచ్చు. ఆ జట్టులో లేకపోతే వాడు ఇంటికొస్తాడు. ఆ వెనక మెట్టు అక్కడే ఉంది, కాలవ అక్కడే ఉంది. ముప్పై రెండేళ్లవాడు అక్కడ కూర్చుంటే తను ఏ ప్రశ్న పట్టుకుని వెళ్లాలి వాడి దగ్గరికి? నువ్వు లేని టీము నిన్న ఎలా ఆడిందిరా అని అడగాలా? పోనీ ఆట వదిలెయ్, ఇంకేం అడుగుతారు మనుషులు తమ్ముళ్లని? సీతారత్నం గారు తన తమ్ముడితో ఏం మాట్లాడుతుంది? చెరువు రేట్లు, పిల్లల చదువులు, బీపీ మాత్ర, పక్కింటివాళ్ల షామియానా. ఎంత సులువుగా మాట్లాడుకుంటారు. తనకి చేతకాదు, తనకి ఉన్నది ఒక్కటే తాళంచెవి, దాన్ని ఆ తెల్లాయన గుప్పిట్లో పెట్టుకుని ఇంకొకసారి చూసుకుంటానంటున్నాడు. చూడు నాయనా, చూడు, కానీ మోకాలు వైపు చూడకు.

చీర మార్చుకుంది. ఎప్పుడు మార్చుకుందో. అయ్యగారు వచ్చారు, వందనాలండీ, వందనాలమ్మా, ఆయ్, అంతా క్షేమమేనండీ. కుర్చీలు నిండాయి. సీతారత్నం మల్లెపూల దండ తెచ్చి, "సన్నీ బాబు ఫొటోకెయ్యండి నాగమణి గారూ, మా పెరట్లోవే," అని, ముందు వరసలో తనకి వేసిన కుర్చీ చూసుకుని, ఎందుకు వేశారో తెలియక సంతోషపడి కూర్చుంది. బతికున్న మనిషి ఫొటోకి దండ ఏమిటండీ అని జాస్మిన్ గొణిగితే దేవదానం దండ తీసుకుని మైకు స్టాండుకి చుట్టేశాడు. మొదటి పాట అయింది. నాగమణి వెనకాల, గుమ్మం దగ్గర నిలబడింది, ఫోను పమిట కింద. రెండో పాట. పెదవులు కదులుతున్నాయి, లోపల వీరేంద్ర, సుబ్బు, టెరెన్స్, వీరేంద్ర, సుబ్బు, టెరెన్స్. మూడో పాట ఎత్తుకున్నారు. మూడోదే. మూడో పాట సగం. ఫోను వణికింది.

పేర్లు ఒక బొమ్మలా వచ్చాయి, సముద్రపు అల మీద తెల్లటి అక్షరాలు, సిగ్నలు సరిగ్గా లేక పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా తేలాయి. వీరేంద్ర. సుబ్బు. టెరెన్స్. తను అనుకున్న వరసే, ఒక్కటి తప్పు పోలేదు, ఎక్స్‌రే కన్ను. పదకొండు దాకా తన లెక్కే. పన్నెండు, నితిన్ సెల్వం. కింద ఇంకో చిన్న వాక్యం తేలింది. మోకాలి గాయం కారణంగా ఈ సీజనుకు అందుబాటులో లేని సన్నీకి, ఆరేళ్ల సేవలకు మా కృతజ్ఞతలు. మళ్లీ మొదటి నుంచి చదివింది. బోర్డు మీద లెక్క తప్పొస్తే పైనుంచి చూసుకున్నట్టు, ఎక్కడో ఒక గుర్తు తప్పు పడి ఉంటుందన్నట్టు, మళ్లీ చదివింది. మోకాలి గాయం. వాళ్లకి ఎలా తెలిసింది? ఎవరు చెప్పారు? పాట అవుతోంది. ముందు వరసలో ఇద్దరు ముగ్గురి ఫోన్లు వెలిగాయి, తలలు వంగాయి, ఒకళ్ల మోచెయ్యి ఇంకొకళ్లని పొడిచింది. జాస్మిన్ వెనక్కి తిరిగి వదినని చూసి, ఈసారి నిజంగానే నవ్వని మొహంతో చూసి, చూపు దించేసుకుంది. అయ్యగారికి తెలియదు. కళ్లు మూసుకుని, తండ్రీ, నీవు ఈ కుటుంబానికి చేసిన మేలును బట్టి నీకు కృతజ్ఞతలు అని మొదలుపెట్టారు. ఆ మాటకి ఆమెన్ చెప్పాలో వద్దో తెలియక షామియానా కింద జనం ఇబ్బందిగా కదిలారు. దేవదానం ఒక్కడే చెప్పాడు, చిన్నగా, అలవాటు కొద్దీ.

అప్పుడు మోగింది. సన్నీ. నిన్నటి నుంచి ఎత్తనివాడు ఇప్పుడు చేస్తున్నాడు. అయ్యగారు కళ్లు తెరిచి చూశారు, మొహం విప్పారింది, మొదటి ఏడాది గుర్తొచ్చి ఉంటుంది. "తమ్ముడు గారిదేనా అమ్మా? స్పీకరులో పెట్టండి. అందరం విందాం, ఇక్కడే దీవిద్దాం," అన్నారు. పెట్టకూడదని ఆమెకు తోచనే లేదు. వేలు నొక్కింది. ఎవరో మైకు తెచ్చి ఫోను దగ్గర పెట్టారు, హలో అక్కా అన్న మాట షామియానా అంతా వినపడింది. గొంతు మామూలుగానే ఉంది. ఎలా మామూలుగా ఉంది?

"వాళ్లకి మోకాలి సంగతి ఎవడు చెప్పేడ్రా?" అంది.

"నేనే చెప్పేనక్కా. మొన్న. డాక్టరు అడక్కుండానే చెప్పేను."

"నువ్వా?" అంది, ఇంతమంది ఉన్నారన్నది ఎక్కడికో పోయింది, "ఏం పుట్టిందిరా నీకు? ఆ సెల్వానికి ఎడం చెయ్యి లేదు. ఎడం వైపుకి నెడితే వాడేం చేస్తాడు? సుబ్బు వెనక్కి ఎవడు పరిగెత్తుతాడు, చెప్పు? మొదటి మ్యాచే బెంగుళూరుతో, జిబిన్ని ఎవడు కాస్తాడ్రా, సెల్వం కాస్తాడా? ఒక్క మాట నాతో అనకుండా..."

"అమ్మ పోయిన కాడ్నించి నువ్వు నన్ను ఆట గురించి తప్ప ఇంకోటి అడగలేదక్కా. ఇప్పుడు ఆట లేదు. ఇంకోటేదన్నా అడుగు."